మంచులో ఏముంది? మిద్దె మీది శాంప్లర్ డైరీ

నవంబర్ 3

గాలి పీల్చి అందులోని కణాలను ఫిల్టరు మీద పట్టే మా శాంప్లర్ ఈ రోజు యూనివర్సిటీలో మా ల్యాబు మిద్దెక్కింది. మూడంతస్తులు, లిఫ్టు లేదు. స్టాండు మా అటెండరన్న, ఒక స్కాలరు పట్టుకున్నారు. పంపు ఇంకో స్కాలరు మోసింది. నేను గొట్టాలు, పనిముట్ల సంచీ తెచ్చుకున్నాను. నీళ్ల ట్యాంకుకూ, కింది ల్యాబు నుంచి రసాయనాల ఆవిరిని బయటికి వదిలే ఫ్యూమ్‌హుడ్ గొట్టానికీ దూరంగా తూర్పు మూలన నిలబెట్టి, నాలుగు కాళ్లకూ ఇసుక మూటలు కట్టాం. గాలి పీల్చే మూతి పిట్టగోడ కంటే బాగా ఎత్తులో ఉంది. గోడ పక్కన సుడి తిరిగే గాలి మాకు పనికిరాదు.

మా ప్రశ్న చాలా చిన్నది. చలికాలం తెల్లవారుజామున అనంతపురం మీద తెల్లటి తెర ఒకటి పరుచుకుంటుంది. ఇంట్లో మా అమ్మ నుంచి పాలు పోసే ఆయన దాకా అందరూ దాన్ని మంచు అంటారు. ఒట్టి మంచే అయితే వాసన రాకూడదు. ఈ తెరకు వాసన ఉంది, గొంతులో చిన్న గీర ఉంది. ఎండెక్కి గాలి ఆరిపోయాక కూడా ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా నిలబడుతుంది. మన భాషలో పొగమంచు అనే మాట ఉంది. పొగలా కనిపించే మంచు అని దాని భావం. మా మిద్దె మీద నిలబడితే ఆ మాటలో పొగ పోలిక కోసం చేరినట్టు అనిపించదు, అసలు సరుకే అదేమో అనిపిస్తుంది. అందులో నీరెంత, పొగెంత, మట్టెంత, గాలిలోనే పుట్టిన ఉప్పులెంత? ఫిబ్రవరి దాకా ఇదే మా పని.

నవంబర్ 5

రోజంతా ఫ్లో సరిచేయడంతోనే గడిచింది. ఈ పని విసుగ్గా ఉంటుంది కానీ మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది.

మా శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీల్చాలి. అంటే గంటకు ఒక ఘనమీటరు, రోజుకు 24. ఆ వేగంలో గాలి లోపల ఒక మలుపు తిరుగుతుంది. బండి జోరుగా మలుపు తిరిగితే పైన కట్టిన మూట జారి పడినట్టు, 2.5 మైక్రోమీటర్ల కంటే పెద్ద కణాలు ఆ మలుపు దగ్గర తిరగలేక పళ్లేనికి కొట్టుకుని అక్కడే ఉండిపోతాయి. చిన్నవి గాలితో పాటు తిరిగి ఫిల్టరు మీదికి చేరతాయి. పీఎం 2.5 అంటే ఈ చిన్నవే. వేగం తగ్గిందంటే పెద్ద కణాలు కూడా మలుపు తిరిగేస్తాయి. మనం పీఎం 2.5 అనుకుంటూ ఇంకేదో తూస్తుంటాం. అందుకే సాయంత్రం ఫ్లో మీటరు 16.7 దగ్గర అరగంట కదలకుండా నిలబడే దాకా ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు.

నవంబర్ 7

తూకం గది. టెఫ్లాన్ ఫిల్టర్లు 24 గంటలు ఒకే తేమలో, ఒకే వేడిలో ఉన్నాక మైక్రో బ్యాలెన్స్ మీదికి వస్తాయి. క్వార్ట్జ్ ఫిల్టర్లను ముందే 550 డిగ్రీల ఫర్నేసులో కాల్చి, వాటికి అంటిన కర్బనం పోగొట్టి, కాల్చిన ఫాయిల్‌లో చుట్టి పెట్టాం.

కొత్తగా చేరిన స్కాలరుకు ఈ లెక్క చెప్పాను. దేశంలో పీఎం 2.5కు 24 గంటల పరిమితి ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. గాలి సరిగ్గా మన పరిమితి దగ్గర ఉందనుకుంటే, రోజంతా పంపు తిరిగాక ఫిల్టరు మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు. ఒకటి రెండు చక్కెర పలుకుల బరువు. అందులో సల్ఫేట్ ఎంత, పొటాషియం ఎంత అని మళ్లీ పంచాలి. చేతి చెమట నుంచి ఒక చిన్న మరక తగిలినా సోడియం, క్లోరైడ్ లెక్క తప్పుతుంది. అందుకే గ్లవ్స్, ప్లాస్టిక్ కొసల పట్టుకారు. ఫిల్టరు అంచు తప్ప మధ్య భాగం ఏదీ తాకకూడదు.

ప్రతి పదికి ఒక బ్లాంక్ తీయాలని నిర్ణయించాం. బ్లాంక్ అంటే మిగతా వాటిలాగే తూచి, మిద్దెక్కించి, శాంప్లర్‌లో పెట్టి, పంపు వేయకుండా తీసి, వెనక్కి తెచ్చిన ఫిల్టరు. గాలి పీల్చని ఆ ఫిల్టరు మీద ఏం చేరినా అది మా చేతుల నుంచి, మా డబ్బాల నుంచి, మా నడక నుంచి వచ్చిందే. దాన్ని అన్నిటి నుంచీ తీసేయాలి.

నవంబర్ 11

మొదటి జత వచ్చింది. పగటిది సాయంత్రం ఆరుకు, రాత్రిది పొద్దున ఆరుకు మారుస్తున్నాం. పగటి ఫిల్టరు లేత గోధుమ రంగు. రాత్రిది బూడిదా కాదు, నలుపూ కాదు, పెన్సిల్ ములికితో మెల్లగా రుద్దినట్టుంది. రెండూ ఒకే ఊరి గాలి, ఒకే మిద్దె. పెట్రీ ప్లేట్లలో పక్కపక్కన పెట్టినప్పుడు నా కళ్లు వాటి మీదనే ఉండిపోయాయి.

పగలు, రాత్రి విడదీయడానికి ఇంకో కారణం ఉంది. అమోనియం నైట్రేట్ చల్లని గాలిలో ఉప్పులా ఉంటుంది, వేడి తగిలితే మళ్లీ అమోనియా, నైట్రిక్ యాసిడ్ ఆవిరిగా విడిపోతుంది. రాత్రి పట్టిన నైట్రేట్ మరుసటి మధ్యాహ్నం దాకా మిద్దె మీదే ఉంటే ఫిల్టరు నుంచి ఎగిరిపోతుంది. తీయగానే ఫ్రీజరు, మైనస్ 20.

నవంబర్ 17

ఎథలోమీటర్ గురించి రాయలేదు. గాలిలో మసిని కొలిచే పెట్టె అది. కింద రెండో అంతస్తులో మా గదిలో ఉంటుంది, దాని గొట్టం కిటికీ రంధ్రం గుండా మిద్దె మీదికి వెళ్తుంది. లోపల ఒక టేపు మీద గాలిని వడకట్టి, ఆ మచ్చ గుండా ఏడు రంగుల వెలుగు పంపుతుంది. తరంగదైర్ఘ్యం 370 నానోమీటర్లున్న అతినీలలోహితం నుంచి 950 ఉన్న పరారుణం దాకా. మచ్చ నల్లబడే కొద్దీ వెలుగు తగ్గుతుంది. 880 దగ్గర తగ్గేదాన్ని బట్టి నల్ల కర్బనం, అంటే మసి, లెక్క. డీజిల్ మసి అన్ని రంగుల్నీ దాదాపు ఒకే తీరులో మింగుతుంది. కట్టెల పొగలో కర్బన పదార్థాలు ఎక్కువ కాబట్టి 370 దగ్గర అదనంగా మింగుతుంది. ఆ తేడా చూస్తే పొగ బండిదా, పొయ్యిదా అని అంచనాకు రావచ్చు. 1980ల మొదట్లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబులో హాన్సెన్ బృందం తయారు చేసిన పద్ధతి, ఇప్పటికీ ఇదే వాడుతున్నాం.

రెండు వారాల గ్రాఫు గోడకు అంటించాం. పొద్దున ఏడుకొక గుట్ట, రాత్రి ఎనిమిదికొక గుట్ట. ఇది తెలిసిన సంగతే. కానీ పొద్దున తొమ్మిది నలభైకి ఒక సన్నని ముల్లు లేస్తోంది. అరగంటలో పడిపోతుంది. 370 చాలా ఎక్కువ, 880 కొంచెం. అంటే కట్టెల పొగ లాంటిదే.

నవంబర్ 18

గేటు బయట ఉగ్గాని బజ్జీ బండి ఉంది. తుమ్మ కట్టెల పొయ్యి. అందరి అనుమానం దాని మీదే. పొద్దున ఆరుంపావుకే వెళ్లి కూర్చున్నాను. ఉగ్గాని తింటూ అడిగాను.

"అక్కా, పొయ్యి ఎన్నింటికి రాజేస్తావు?"

"నాలుగున్నరకు మేడమ్. పదకొండుకు ఆర్పుతా. ఎందుకు, పొగ ఎక్కువొస్తోందని ఎవరన్నా చెప్పినారా? తీసేయమంటారా?"

లేదక్కా, ఊరికే టైము రాసుకుంటున్నా అని చెప్పాను. ఆమె ముఖంలో భయం చూసి నాకు బాధేసింది. మా గ్రాఫులో ఒక ముల్లు కోసం ఒక మనిషి పొయ్యి గురించి భయపడాల్సి రాకూడదు. ఇక మీదట ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు మేమేం చేస్తున్నామో చెప్పి తర్వాతే అడుగుతాను. పైగా నాలుగున్నర నుంచి పదకొండు దాకా మండే పొయ్యి తొమ్మిది నలభైకి ముల్లు ఎందుకవుతుంది?

నవంబర్ 22

తేదీల వారీగా ముళ్లన్నీ ఒక కాగితం మీద గీసింది మా స్కాలరు. మూడు సంగతులు బయటపడ్డాయి. ఆదివారాలు ముల్లు లేదు. రెండో శనివారం లేదు. మిగతా శనివారాల్లో ముల్లు రెట్టింపు. బజ్జీల బండి ఆదివారం కూడా ఉంటుంది. ఊళ్లో ఏ పొగా యూనివర్సిటీ సెలవుల్ని పట్టించుకోదు.

ఆ మాట అనుకోగానే నాకు కడుపులో కలుక్కుమంది. ఇది మిద్దె మీది గాలి కాదు.

నవంబర్ 25

పొద్దున తొమ్మిదికి మిద్దె మీద గొట్టం మూతికి హెపా ఫిల్టరు బిగించాం. ఇక ఎథలోమీటర్‌కు కణాలు లేని శుభ్రమైన గాలే రావాలి. గ్రాఫు సున్నా మీద పడుకోవాలి. పడుకోలేదు. సున్నాకు కొంచెం పైన వణుకుతూ ఉంది.

తొమ్మిది ముప్పై అయిదుకు అటెండరన్న వచ్చాడు. రోజూలాగే గది తుడిచి, బీరువా పక్కన వెంకటేశ్వరస్వామి పటం ముందు ఊదుకడ్డీలు రెండు వెలిగించి, దండం పెట్టుకుని వెళ్లాడు. మేం ఆయనకేమీ చెప్పలేదు. తెర వైపే చూస్తున్నాం. అయిదు నిమిషాలకు 370 గీత పైకి లేచింది. మిద్దె మీద హెపా బిగించే ఉంది.

గొట్టం వెంట వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. కిటికీ రంధ్రానికి జానెడు ఇవతల ఒక జాయింటు ఉంది. జూన్‌లో పెట్టెను ఈ మూలకు జరిపినప్పుడు గొట్టం చాలక నేనే వేసిన జాయింటు. టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించి వదిలేశాను. తర్వాత ఒక అంచు చీలి, కాగితం దూరేంత సందు ఏర్పడింది. ఊదుబత్తి పొగ సన్నని దారంలా వచ్చి ఆ సందు దగ్గర వంగి లోపలికి పోవడం కళ్లారా చూశాం. శనివారాలు స్వామికి నాలుగు కడ్డీలు.

జాయింటు వేసిన రోజే హెపా పెట్టి సున్నా చూసి ఉండాల్సింది. చూడలేదు. తప్పు నాదే.

మధ్యాహ్నం అటెండరన్నకు విషయం చెప్పాను. ఆయన చాలాసేపు గొట్టం వైపు చూసి, "నా ఊదుకడ్డీ పొగ మిషన్‌కు అందిందా మేడమ్? ఇన్ని రోజులు మీ పని చెడిపోయిందా నావల్ల?" అన్నాడు. చెడింది గొట్టం వల్లే అన్నా, నీ కడ్డీలే లేకపోతే మాకు ఫిబ్రవరిలో కూడా తెలిసేది కాదు అన్నాను. మర్యాదకు అన్న మాట కాదిది. రోజూ ఒకే వేళకు, సెలవు రోజు తప్ప, వెలిగిన ఆ కడ్డీలే మాకు లీకును చూపించాయి.

నవంబర్ 26

ఈ రోజు వాదన జరిగింది. తొమ్మిది ముప్పై నుంచి పదిన్నర దాకా డేటా తీసేసి మిగతాది ఉంచుకుందాం అని ఒక స్కాలరు పట్టు పట్టాడు. ఆ అబ్బాయి బాధ నాకు తెలుసు. మూడు వారాలు రాత్రుళ్లు మేలుకుని టేపు చూసుకున్నాడు.

కానీ గొట్టం తొమ్మిది ముప్పైకి మాత్రమే చీలి, పదిన్నరకు అతుక్కోలేదు. రోజు పొడుగునా గది గాలి అందులో కలుస్తూనే ఉంది. గది గాలి మిద్దె గాలిలాగే ఉన్నంతసేపు మనకు తెలియలేదు, తేడా వచ్చినప్పుడు ముల్లై కనిపించింది. కనిపించిన గంట తీసేస్తే కనిపించని 23 గంటలు అలాగే ఉంటాయి. కిటికీలు మూసిన రాత్రి ఎంత కలిసింది, ఫ్యాను తిరిగినప్పుడు ఎంత కలిసింది అని లెక్క కట్టే దారి లేదు. కాబట్టి మూడు వారాల ఎథలోమీటర్ డేటా మొత్తం పక్కన పెట్టేశాం. ఫోల్డరు పేరు మార్చి, కారణం పక్కనే రాసి ఉంచాం. మిద్దె మీది ఫిల్టర్లకు ఈ గొట్టంతో సంబంధం లేదు. అవి భద్రం.

కొత్త గొట్టం ఒకే ముక్క, మధ్యలో జాయింటు లేదు. హెపా బిగించి రెండు గంటలు సున్నా చూశాం. ఇక ప్రతి సోమవారం ఇదే పరీక్ష.

డిసెంబర్ 4

ఎంఎస్సీ పిల్లలకు మంచు క్లాసు చెప్పాను. 1880లో జాన్ ఐట్కెన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త రెండు గాజు పాత్రలు తీసుకున్నాడు. ఒకదాంట్లోకి మామూలు గాలి, ఇంకోదాంట్లోకి దూది గుండా వడకట్టిన గాలి పంపి, రెండిట్లోకీ ఆవిరి వదిలాడు. మొదటిది తెల్లటి మంచుతో నిండింది. రెండోది తేటగా ఉండిపోయింది. నీటి ఆవిరికి పట్టుకోవడానికి ఏదో ఒక కణం కావాలి. కణం లేకపోతే మంచు లేదు.

మేం నీళ్ల సీసాతో చేశాం. అడుగున కొంచెం గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలితే లోపల ఏమీ కనిపించలేదు. అప్పుడు అటెండరన్న దగ్గర ఒక ఊదుకడ్డీ అడిగి వెలిగించి, సీసా మూతి దగ్గర పెట్టి కాస్త పొగ పీల్చనిచ్చాం. మూత బిగించి నొక్కి వదిలాం. సీసా ఒక్కసారిగా తెల్లబడింది. మళ్లీ నొక్కితే మాయం, వదిలితే తెలుపు. అటెండరన్న కూడా నాలుగైదుసార్లు నొక్కి చూశాడు. "అంటే మేడమ్, మంచు లోపల పొగ ఉంటాదన్నమాట" అన్నాడు. మా ప్రాజెక్టు ప్రపోజల్లో రెండు పేజీల్లో రాసిన మాట అదే.

ఇంకొంచెం ఉంది. మంచు కట్టకముందే కణాలు ఉబ్బుతాయి. అమోనియం సల్ఫేట్ పలుకు గాలిలో తేమ 80 శాతం దాటగానే నీళ్లు పీల్చి చుక్కయిపోతుంది. అమోనియం నైట్రేట్‌కు 62 చాలు. ఉబ్బిన కణం వెలుగును బాగా చెదరగొడుతుంది, ఊరు తెల్లగా కనిపిస్తుంది. మధ్యాహ్నం తేమ తగ్గితే తెర పోయినట్టుంటుంది. నీరు ఆరింది కానీ ఉప్పు అక్కడే ఉంది. పీల్చేవాళ్లు దాన్ని పీలుస్తూనే ఉంటారు.

డిసెంబర్ 6

రెండు రోజులు వాన. పంపు ఆపలేదు. ఫిల్టర్లు దాదాపు తెల్లగా వచ్చాయి.

డిసెంబర్ 18

మొదటి విడత అయాన్ల ఫలితాలు. ఉప్పు నీళ్లలో కరిగితే విడిపోయే, విద్యుదావేశం ఉన్న ముక్కలే అయాన్లు. సగం ఫిల్టరు శుద్ధమైన నీళ్లలో వేసి, శబ్ద తరంగాలతో కదిలించే సోనికేటర్‌లో ఊపి, వడకట్టి, అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రొమటోగ్రాఫ్‌కు ఎక్కించాం. బ్లాంకులు ఇంకా పూర్తిగా తీసివేయలేదు కాబట్టి అంకెలు ఇక్కడ పెట్టడం లేదు. తీరు మాత్రం రాస్తున్నాను.

రాత్రి ఫిల్టర్లలో సల్ఫేట్, అమోనియం జంటగా పెరుగుతున్నాయి, జంటగా తగ్గుతున్నాయి. ఇవి ఏ పొగగొట్టం నుంచీ ఉప్పుగా బయటికి రాలేదు. బొగ్గు కాల్చిన చోట పుట్టిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఆమ్లంగా మారుతుంది. పేడ దిబ్బల నుంచి, యూరియా చల్లిన పొలాల నుంచి అమోనియా వస్తుంది. రెండూ గాలిలో కలిసి ఉప్పవుతాయి. ఎక్కడో కాల్చిన బొగ్గు, ఇక్కడి పొలం మా మిద్దె మీద కలుస్తున్నాయి. పొటాషియం కూడా రాత్రే ఎక్కువ. కట్టెలు, శెనక్కాయ పొట్టు, చెత్త తగలబెట్టినప్పుడు వచ్చేది ఇదే. నల్ల కర్బనంతో పాటు నడుస్తోంది.

పగటి ఫిల్టర్లలో ధన అయాన్లు ఎక్కువ, రుణ అయాన్లు తక్కువ. రెండూ సమానంగా ఉండాలి. స్కాలరు రెండోసారి, మూడోసారి రన్ చేసింది. తప్పు ఆమెది కాదు. ఎక్కువైంది కాల్షియం. మన సీమ మట్టి, సున్నపురాయి. దాని జంట కార్బొనేట్, మా పద్ధతిలో కనిపించదు. కనిపించని ఆ లోటే పగటి ధూళిలో మట్టి ఉందని చెబుతోంది.

భోగి

రాత్రి మిద్దె మీదే పడుకున్నాం, రగ్గులు కప్పుకుని. ముందు రోజే హెపా పెట్టి సున్నా చూశాం. మూడున్నరకు కొత్త ఫిల్టరు వేశాం. బ్లాంకు కూడా పట్టుకొచ్చి, శాంప్లర్‌లో రెండు నిమిషాలు పెట్టి తీసి, ప్లేటులో మూసి పక్కన పెట్టాను.

నాలుగూ పది నుంచి కాలనీల్లో మంటలు మొదలయ్యాయి. ఒకటి, మూడు, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. పొగ నిటారుగా లేచి, ఒక ఎత్తు దాకా వెళ్లి, అక్కడ కనిపించని మూత ఏదో తగిలినట్టు అడ్డంగా పరుచుకుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది, పైన వెచ్చని పొర ఉంటుంది. కింది గాలికి పైకి పోయే దారి ఉండదు. వేసవి మధ్యాహ్నం రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయే పొగ ఈ వేళ కొన్ని వందల మీటర్ల లోపలే మిగులుతుంది. పాఠంగా ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఇంత బల్లపరుపుగా కంటికి కనిపించడం ఇదే మొదటిసారి.

కింద స్క్రీను దగ్గర ఉన్న అబ్బాయి ఫోన్ చేసి చదువుతూ ఉన్నాడు. 370 నిటారుగా లేస్తోంది, 880 దాని వెనకాల నెమ్మదిగా. కట్టెలు, పిడకలు. అయిదున్నర దాటాక రెండు గీతలూ ఒకేసారి లేచాయని చెప్పాడు. అదే సమయానికి మాకు ముక్కు మంట, ఘాటు వాసన. పడమటి వైపు ఎక్కడో టైరు వేశారు, నల్లటి పొగ. చిన్నప్పుడు మా ఇంటి ముందు భోగి మంటలో మోడులు, పాత తట్టలు, పిడకల దండలు వేసేవాళ్లం. ఆ మంట చుట్టూ పసిపిల్లలు చేతులు కాచుకుంటారు. అందులో టైరు వేయకండని చెప్పడానికి నాకు ఏ ఫలితాలూ అక్కర్లేదు. వచ్చే ఏడు పండక్కి ముందే మా వీధి నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి చెబుతాను.

ఏడుకు తెర బాగా దట్టమయింది. కింద రోడ్డు మీద పోతున్న ఒకామె పిల్లాడికి మంకీ క్యాప్ సరిచేస్తూ "మంచు బాగా పడుతోంది నాయనా" అంటోంది.

తొమ్మిదిన్నరకు ఫిల్టరు తీశాం. ఆరు గంటలు, ఆరు ఘనమీటర్లు. ఇంత నల్లని ఫిల్టరు ఈ సీజన్‌లో రాలేదు.

జనవరి 19

బ్లాంకులు తూచాం. భోగి బ్లాంకు ముందు తూకానికీ తర్వాతి తూకానికీ తేడా బ్యాలెన్స్ వణుకుడు లోపలే ఉంది. మూడుసార్లు తూచి మూడుసార్లూ రాసుకున్నాం. నల్ల ఫిల్టరు మీద ఉన్నదంతా గాలిదే.

అటెండరన్న స్వామి పటాన్ని మేం అడగకుండానే వరండాలో తన బల్ల దగ్గరికి మార్చుకున్నాడు. కొత్త గొట్టానికి లీకు లేదు, గదిలోనే ఉంచుకోవచ్చని చెప్పినా వినలేదు. కడ్డీలు వెలిగించే వేళ మాత్రం తలుపులో నిలబడి, "సున్నా చూసుకున్నారా మేడమ్?" అని అడిగి వెళ్తున్నాడు.

అయాన్ క్రొమటోగ్రాఫ్‌లో మా వంతు గురువారం. భోగి ఫిల్టరు, దాని బ్లాంకు, ముందు వెనక రోజుల జతలు ఫ్రీజరు పై అరలో విడిగా పెట్టి పేర్లు రాశాం.